అమ్మ చెయ్యి ఆగే పేరు

నా పాడ్‌కాస్ట్ మొదటి ఎపిసోడ్‌ను ముగ్గురు విన్నారు. వాళ్లలో ఇద్దరూ నేనే. ఒకసారి నా ఫోన్‌లో, ఒకసారి అమ్మ ఫోన్‌లో. ఆ మూడో మనిషి ఎవరో ఇప్పటికీ తెలియదు, ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

విషయం మంచిదే. ఆర్మూరు చుట్టుపక్కల పసుపు పండించే ఇళ్ల ముచ్చట్లు. బయటి చప్పుడు రాకుండా రెండు బొంతలు కప్పుకొని, చెమటలు కక్కుతూ రికార్డు చేశాను. పేరు మాత్రం ‘పసుపు సాగు: నేల తయారీ, ఒకటో భాగం’ అని పెట్టాను. మేం ఖాలా అని పిలిచే పక్కింటి పిన్నికి చదివి వినిపిస్తే నావైపు జాలిగా చూసింది.

“గిది వినాలెనా, పరీక్ష రాయాలెనా బేటీ?”

ఆ మాటతోనే నాకు దారి దొరికింది. మా ఇంటి ముందు రేకుల కింద అమ్మ, ఖాలా, ఇంకో ముగ్గురు ఒళ్లో చాటలు పెట్టుకొని పొద్దంతా బీడీలు చుడతారు. ఆకు, తంబాకు, దారం, మళ్లీ ఆకు. వంచిన తల ఎత్తరు. ఇకనుంచి పేరు వాళ్ల ముందు చదవాలి. చేతులు ఆగితే పాసు, ఆగకపోతే ఫెయిలు.

‘అత్త అలిగితే పసుపు ఎవరు ఉడకబెట్టాలి?’ అన్నాను. ఇద్దరి చేతులు ఆగాయి. ‘గల్ఫ్ నుంచి వచ్చిన సూట్‌కేసు అడుగున ఏముంది?’ అన్నాను. నలుగురివీ ఆగాయి! నేను గడప మీదే గంతులేశాను.

ఆగనివి అమ్మ చేతులే. నేను డిగ్రీ పాసయ్యానని చెప్పినరోజు కూడా చుడుతూనే “మంచిగైంది బిడ్డా” అంది. లోకమంతా విన్నా వినకపోయినా నాకు బాధ లేదు, ఆ రెండు చేతులు నా మాటకు ఒక్కసారి ఆగాలి. అదే నా పంతం.

పంతం ముదిరితే బుద్ధి పోతుంది కదా. తర్వాతి దానికి ‘వేల్పూర్ పెద్దమ్మ దాచిన భయంకర రహస్యం’ అని పెట్టాను. జనం ఎగబడి విన్నారు. రహస్యం ఏమిటంటే, మా పెద్దమ్మ పచ్చిపులుసులో చిటికెడు బెల్లం వేస్తుంది. అంతే! మర్నాడు పొద్దున్నే ఆమె ఫోను.

“ఏందే పోరీ, నేనెవల కొంప ముంచిన్నే? భీమ్‌గల్‌ల మా వియ్యపురాలు గూడ ఫోన్ జేసి, ‘గంత పని ఎట్ల జేసినవు’ అనవట్టె!”

నేను నవ్వాపుకోలేక ఫోన్ దూరంగా పట్టుకున్నాను. అమ్మ మాత్రం నవ్వలేదు, చేతులూ ఆపలేదు.

“మార్కెట్ల పసుపు కొమ్ము విరిచి సూస్తరా లేదా? మీద మెరుస్తె సాలదు, లోపల గూడ గదే రంగుండాలె. నువ్వు వెట్టిన పేరు గట్ల లేదు బిడ్డా.”

సిగ్గేసింది. వారం రోజులు నోరు మూసుకొని, మీదా లోపలా ఒకే రంగున్న ముచ్చట కోసం వెతుక్కున్నాను. దొరికింది. మళ్లీ బొంతల్లో దూరి రికార్డు చేసి, రేకుల కిందికొచ్చి పేరు చదివాను.

‘పసుపు మార్కెట్లో మా అమ్మ ఎందుకు నవ్వింది?’

అమ్మ చేతులు ఆగాయి. సగం చుట్టిన ఆకు వేళ్ల మధ్య అలాగే ఉండిపోయింది.

“ఎందుకు నవ్విన? ఎన్నడు?”

“వింటెనే తెలుస్తది” అన్నాను.

“జర చెప్పవే!”

ఫోన్‌లో ఆ ఎపిసోడ్ పెట్టి చాట పక్కన ఉంచాను.

నాకు పదేళ్లప్పటి సంగతి అది. మార్కెట్లో మా పసుపు కుప్ప పక్కన కూర్చుని అమ్మ కునుకు తీస్తోంది. కళ్లు మూతపడ్డా చేతులు బీడీలు చుడుతున్నట్టే ఆడుతున్నాయి. పసుపు కొనే ఆయన వచ్చి, లేపుదామని ధర రాసిన చీటీ చేతిలో పెట్టాడు. అమ్మ నిద్రలోనే ఆ చీటీని సన్నగా చుట్టి, కొస మడిచి, తిరిగి ఆయనకే ఇచ్చింది. ఆయన దాన్ని బీడీలాగే చెవి మీద దోపుకొని పక్క కుప్పకు నడిచాడు. నేను అమ్మను తట్టి లేపి ఆయన చెవి చూపించాను. అమ్మ కుప్ప మీద వాలిపోయి నవ్వింది. అంతకుముందు ఆమె అలా నవ్వడం నేను చూడలేదు.

“గట్ల జేసిన్నా నేను?” అంటూ అమ్మ ఇప్పుడూ అలాగే నవ్వింది. కొంగుతో కళ్లు తుడుచుకొని ఫోన్ నా చేతిలో పెట్టింది.

“ఇంకోపారి పెట్టు.”

“తడిపిన ఆకు ఆరిపోతది, ఇగ చుట్టరాదు” అని ఖాలా గుర్తుచేసింది.

“ఆరనియ్యి” అంది అమ్మ.