పందికొక్కు పుట్టిల్లు

వంటింట్లో పచ్చి శెనక్కాయలు ఉడుకుతున్న వాసన వస్తే చాలు, తమిళనాట మా ఊరు పిక్కిలిలో చేను గట్టు కళ్ల ముందుకొస్తుంది. చెట్లు పీకి, కాయలు కోసి, కూలివాళ్లు ఇళ్లకు మళ్లాక, మా అవ్వ పార భుజాన వేసుకొని గట్టు వెంట నడిచేది, వెనకాల గంపతో నేను. మట్టి కొత్తగా కుప్పపడిన చోట ఆగి తవ్వితే, చల్లటి మట్టి వాసన, ముక్కు పగిలే ఘాటు, ఆ లోపల పందికొక్కు ఒక్క పుచ్చు కాయ లేకుండా ఏరి దాచుకొన్న పంట.

వినాయకుడి వాహనం కదా, దాని సొత్తు తీసుకుంటే పాపం రాదా అని ఒకసారి అడిగాను.

"వాహనమైతే ఏమిరా? మన చేన్లో మేయమని సామి చీటీ రాసిచ్చినాడా?" అంటూనే ఒక దోసెడు కాయలు బొక్కలోనే వదిలి మట్టి కప్పింది.

"మళ్లా అదెందుకవ్వా?"

"దానికీ పిల్లలుండాయి గదరా."

తర్వాత ఎన్నో వేదికలెక్కి దేవుడి గురించి వాదించాను గానీ, పాపభయాన్ని ఇంత తేలిగ్గా తీసేసి దయను మాత్రం మిగుల్చుకొన్న మాట మరొకటి వినలేదు.

బడిలో అంతా తమిళం, అక్కడ పందికొక్కును పెరుచ్చాళి అంటారు. నా నోట ఇంటి మాట జారినప్పటి నుంచి అదే నా పేరయింది: "డేయ్ పందికొక్కు, ఇంగ వాడా!" అంటే ఇటు రారా అని. ఏడుస్తూ ఇంటికొస్తే అవ్వ నవ్వింది. "పోనీలేరా, మన మాట వాళ్ల నోట్లో పడింది గదా."

ఆ మాట ఇంకా ఎవరెవరి నోట్లో పడిందో, ధర్మపురిలో కాలేజీకి వచ్చి ఇంగ్లీషు నిఘంటువు తిరగేస్తే గానీ తెలియలేదు. బండికూట్: తెలుగు పందికొక్కు నుంచి. దొరలెవరో మనవాళ్ల నోట విని, ఓడెక్కించి, ఆస్ట్రేలియాలో అసలు ఎలుక జాతే కాని కడుపు సంచిలో పిల్లల్ని మోసే ఒక జంతువుకు తగిలించారు. లోకంలోని భాషలన్నీ మా భాషకే పుట్టాయని రొమ్ము విరుచుకొనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. మాటకు కులం లేదు, మడి లేదు. అయినా ఆ పూట ఆ సంగతి అవ్వకు చెప్పాలని ప్రాణం కొట్టుకొంది. అప్పటికి అవ్వ లేదు.

నిన్న మనవరాలు బొమ్మల పుస్తకం తెచ్చింది. "తాత్తా, బండికూట్!"

"అది మన మాటే కన్నా. పందికొక్కు. అను చూద్దాం."

"పోంగ తాత్తా, ఇదు ఆస్ట్రేలియా అనిమల్!" అంటూ గుప్పెడు శెనక్కాయలు తీసుకొని పరుగెత్తింది.

మా చేను ఇప్పుడు ఇళ్ల స్థలాలు. గట్టూ లేదు, బొక్కలూ లేవు. గిన్నె ముందు కూర్చొని, "పందికొక్కు" అని పైకే అన్నాను. వెక్కిరించడానికైనా ఎవరూ పలకలేదు.