తుపాకి పట్టీ, నా బెల్టు

కువైట్‌కు వచ్చిన ఆ తొలి రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. అరబ్బు ఇంట్లో అక్కర్లేని వస్తువు ఏది కనబడినా, దేవుడు దాన్ని నాకోసమే పక్కన పెట్టించాడని. ఇళ్ళలో పనిచేసే మావాళ్ళందరిదీ ఇంచుమించు అదే మతం. ఇంటావిడ, అంటే మామా, "షీల్" (తీసెయ్) అన్నదేదీ చెత్తకుండీ దాకా పోయేది కాదు. శుక్రవారం మహబూలాలోని మా ఊరివాళ్ళ గదికి చేరి, అక్కణ్ణించి కార్గోలో ఊరికి పోయేది. ఈ పద్ధతిలో తప్పేమీ లేదు. తప్పల్లా నాలాంటివాడు దాన్ని కాస్త సాగదీయడంలోనే.

నేను రిగ్గైలో ఒక ఇంటి డ్రైవరుని. మా బాబా (యజమానిని అలాగే పిలుస్తాం) దివానియాలో, అంటే మగవాళ్ళు కూర్చుని కబుర్లాడుకునే గదిలో, అద్దాల పెట్టెలో ఒక పాత సైనిక స్నైపర్ తుపాకి ఉండేది. ఏదో పెద్ద యుద్ధంలో బహుదూరం నుంచి గురిపెట్టినదట. గొట్టం మూయించి, పేలకుండా చేయించి, కాగితాలతో సహా దాచుకున్నాడు. నేను ఆ అద్దాలు తుడుస్తున్నంతసేపూ ఆయన నా వెనకే నిలబడేవాడు. కారు కడిగేటప్పుడు ఒక్కనాడూ నిలబడలేదు.

రంజాన్‌కు ముందు ఇల్లు శుభ్రం చేయిస్తూ మామా స్టోర్‌రూమ్‌లో ఒక మూల చూపించి అంతా తీసెయ్యమంది. మూలలో ఉన్నవి పాత అట్టపెట్టెలు. వాటికి పైన, మేకుకు ఒక ఖాకీ గుడ్డసంచి వేలాడుతోంది. మేకు కూడా ఆ మూలలోదే కదా అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. సంచిలో మధ్యన అడ్డుగోడ ఉన్న చిన్న రేకు నూనెడబ్బా, సన్నని తోలుతో కలిపిన రెండు తోలు టోపీలు, కొక్కెమున్న గుడ్డ పట్టీ ఉన్నాయి. అవేమిటో తెలియదు. తెలియని వస్తువు మీద నాకు మరీ ప్రేమ. ఆ వారమే గదిలో ప్రసాదంలా పంచేశాను.

తర్వాతి గురువారం బాబా ఆ సంచి కోసం వెళ్ళాడు. ఇలాంటివే పోగుచేసే మిత్రుడొకాయన, అహ్మది అనే ఊళ్ళో ఉండేవాడు, మర్నాడు సాయంత్రం తుపాకి చూడటానికి వస్తున్నాడట. స్టోర్‌రూమ్‌లో మేకు ఒక్కటే ఉంది. ఇల్లు అదిరిపోయింది. దుర్భిణీ మూతలు, నూనెడబ్బా, భుజానికి తగిలించే పట్టీ లేకపోతే అది సగం తుపాకేనట, మళ్ళీ దొరకవట. "నువ్వు చూశావా?" అన్నాడు. "లా, బాబా" అన్నాను. లేదు అనే ఆ చిన్న మాట ఎంత నున్నగా జారిందో!

అప్పుడు మామా వంటింటివైపు చూసింది. స్టోర్‌రూమ్ తాళం ఉండేది వంటచేసే అక్క దగ్గర. అక్కది రాయచోటి పక్కన పల్లె. "రేపటికి సంచి రాకపోతే దీన్ని ఊరికి పంపించెయ్. ఖలాస్" అంది మామా. అక్క నా మొహం చూసింది. నేను నా చెప్పులు చూసుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం కారుకు గాలి పట్టించాలని చెప్పి మహబూలాకు పరిగెత్తాను. గదిలో మంగలిపని చేసే భాయ్ పడుకుని ఉన్నాడు.

"భాయ్, నేనిచ్చిన రేకుడబ్బా యాడ?"

"ఇచ్చిందాన్ని మళ్ళా అడుగుతాండావే, సిగ్గులేదారా? తలకాడుంది చూడు. అదొచ్చినాకే నా మోకాలు చెప్పినమాట ఇంటాంది."

ఒక అరలో తలకు కొబ్బరినూనె, రెండో అరలో మోకాలికి తైలం. రెండూ ఒకే గ్లాసులో వంపేసి, గోడకున్న ఖాకీ సంచిలో డబ్బా వేసుకున్నాను. (ఆ తర్వాత కొన్నాళ్ళు భాయ్ తలకు కీళ్ళనొప్పులు వచ్చి ఉండవు.)

తోలు టోపీలు ఇనుపకుర్చీ ముందుకాళ్ళకు బూట్లయి ఉన్నాయి. కుర్చీలో మా చిన్నాయన అన్నం తింటున్నాడు.

"చిన్నాయనా, లెయ్."

"కూడు తినేటోణ్ణి లేపుతారాప్పా ఎవురైనా?"

"లెయ్ అంటే లెయ్! పట్టీ యాడ పెట్టినావు?"

"దాంతోనే గదా మిక్సీ పెట్టె కట్టింది. పొద్దున్నే కార్గోకు ఇచ్చొచ్చినా."

కుర్చీ కాళ్ళ టోపీలు లాక్కుని పరిగెత్తాను. సందు చివర కార్గో దుకాణానికి పోయేసరికి లారీకి సామాను ఎక్కిస్తున్నారు. అదృష్టం, మిక్సీ పెట్టె ఇంకా నేలమీదే ఉంది. "విప్పుతే విప్పు. మళ్ళా కట్టకుండా మాత్రం పోనీను. అట్ట పగిలి ఉండాది" అన్నాడు దుకాణం ఆయన. తాడు అడిగితే, లోడు కట్టగా మిగల్లేదన్నాడు. లారీవాడు హారన్ కొడుతున్నాడు. నా బెల్టు ఊడదీసి, చివరి బెజ్జం దాకా లాగి పెట్టెకు బిగించాను.

ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ప్యాంటు. కారు షెడ్డులో అట్టల వెనక దొరికిందని ఎలా చెప్పాలో దారంతా పాఠం చదువుకున్నాను. వెళ్ళేసరికి అహ్మది మిత్రుడు వచ్చేసి ఉన్నాడు. వంటింటి గుమ్మం దగ్గర అక్క పెట్టె సర్ది ఉంది. నా పాఠం తప్పులేకుండా అప్పజెప్పాను. బాబా ముఖం వెలిగింది. మిత్రుడు డబ్బా మూత తీసి వాసన చూసి, "సైనికుడికి మోకాళ్ళ నొప్పా?" అన్నాడు.

ఇక గండం గడిచిందనుకున్నాను. అప్పుడు మామా అంది: "భయపడి ఇదే తిరిగి తెచ్చి పడేసి ఉంటుంది." వేలు అక్కవైపు ఉంది.

అక్క టీ పళ్ళెం దబ్బున కింద పెట్టింది. కప్పుల చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. "లా, మామా! అనా, అనా!" (నేను, నేనే) అని రెండు చేతులతో గుండెలు బాదుకున్నాను. ప్యాంటును పట్టుకున్న చెయ్యి కూడా అందులో ఒకటని గుర్తు రాలేదు.

మామా తల తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. మిత్రుడు సోఫాలో పడి నవ్వాడు. కోప్పడదామని లేచిన బాబా కూడా నవ్వేశాడు. నన్ను ఊరికి పంపలేదు గానీ, ఆ తర్వాత దివానియా గడప దాటనివ్వలేదు. అక్క పెట్టె మళ్ళీ మంచం కిందికి పోయింది. ఆమెకు సారీ చెప్పినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. వంటింట్లోకి వెళ్ళి నేనే చెప్పబోయాను.

"అందురూ నవ్వినారు గదా. నాకు నవ్వు రాలేదబ్బీ" అంది అక్క. "నిన్న నువ్వు చెప్పులు చూసుకుంటాంటే, నేను నా బిడ్డకు ఫోన్ చేసి వచ్చేస్తాండానని చెప్పినా. అది సంబరపడింది. ఇప్పుడు రాలేనని చెప్పల్ల."

తన పెట్టెలోంచి ఒక లంగానాడా తీసి నామీదికి విసిరింది. "కట్టుకో. పో."

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. నాకు పొట్ట పెరిగింది, ప్యాంటు దానంతటదే నిలుస్తుంది. అయినా బెల్టు పెట్టుకుంటాను. ఎవరైనా "నువ్వు చూశావా?" అని అడిగితే, చెయ్యి ముందు నడుము దగ్గరికి పోతుంది. నోరు ఆ తర్వాతే తెరుస్తాను.