పిన్ని పగటి నిద్ర

రాత్రి డ్యూటీ దిగి బస్సెక్కుతుంటే ఫోన్ వచ్చింది. సెలవని పడుకున్న పిన్ని మళ్లీ లేవలేదట. ఏడవడానికి కూడా ఓపిక లేదు. కిటికీకి తల ఆనించి నిద్రపోయాను. ఆవిడైతే తప్పుపట్టదు.

పిన్ని అంటే అమ్మ చెల్లెలు కాదు, పక్కింటావిడ. గుంటూరులో నేను నర్సుగా ఉన్న ఆసుపత్రిలోనే ఆయా. ఎప్పుడూ రాత్రి పనే. మిర్చి రోజుల్లో పొద్దున్నే ఇంటికొచ్చి, కాసేపు కునుకు తీసి, కాయల ముచ్చికలు తీసే కూలికి వెళ్లేది. ఇక రాత్రి వార్డులో కుర్చీలో కూర్చుంటే తల వాలిపోదూ! ఇంకోసారి నిద్రపోతూ కనబడితే పనిలోంచి తీసేస్తానని సూపర్‌వైజర్ చెప్పేశాడు.

అప్పుడే మా డాక్టర్లు రాత్రి పనివాళ్ల మత్తు తగ్గుతుందేమో చూడాలని ఒక పరీక్ష మొదలుపెట్టారు. ఉప్పునీళ్లలో తడిపిన స్పాంజి ముక్కలు నుదుటికి ఆనించి, పట్టీ బిగించి, మెదడుకు సన్నగా కరెంటు పంపుతారు. కోత లేదు, సూది లేదు. అందరికంటే ముందు పిన్నే పేరిచ్చింది.

మొదటిరోజే నుదురు మండిపోతోందని కేక పెట్టింది. డాక్టరమ్మ హడలిపోయి మిషను ఆపేసింది. ఆపినా మంట తగ్గలేదు. స్పాంజి సర్దింది పిన్నేనని గుర్తొచ్చి ఆవిడ వేళ్లు వాసన చూశాను. తుమ్ములే తుమ్ములు. పగలంతా ముచ్చికలు తీసిన చేతులు, ఎంత కడిగినా ఘాటు వదలదు. నుదుటికి పెరుగు రాస్తుంటే పిన్ని ఆ మంటలోనే నవ్వింది.

పట్టీ పెట్టిన రాత్రులు కళ్లు కాస్త తేటగా ఉన్నాయనేది. అది కరెంటు చలవో, ఎలా ఉందని ఒకరు కూర్చోబెట్టి అడిగినందుకో నేను చెప్పలేను. పని మాత్రం నిలబడింది. పరీక్ష ముగిసిన రోజు డాక్టరమ్మతో అంది:

"మంచిదేనండి. కానీ ఇది నిద్రని ఆపుద్ది, అలుపుని ఆపదు."

ఆ మాట నాకూ వర్తిస్తుంది. డ్యూటీ దిగిన ప్రతి పొద్దునా గుర్తొస్తుంది.

పగలు పడుకోవడానికి కిటికీకి మిర్చి గోనెపట్టా కట్టుకునేది. మాది గొంతులు పెద్దవైన వీధి. "ఒరేయ్, కాసేపు పడుకోనివ్వండ్రా" అని లోపల్నుంచి అరిచేది. అరిచి అరిచి, తన ఇంటి ముందు గొంతు తగ్గించడం వీధి మొత్తానికీ నేర్పింది.

చర్చి వెనక సమాధి చేసి వచ్చిన మర్నాడు, మిట్టమధ్యాహ్నం చేపలావిడ కేకేస్తూ వచ్చింది. నేను గబగబా గుమ్మంలోకి వెళ్లాను.

"మెల్లగా అమ్మా, పిన్ని పడుకుంది."

ఆవిడ చప్పున నోరు మూసుకుంది. గంప పట్టుకుని, ఆ గోనెపట్టా కిటికీ ముందునుంచి అడుగుల చప్పుడు కాకుండా నడిచి వెళ్లింది.