బీడీల చాట ముందు లండన్ దొర

విక్టోరియా రాణి కాలపు ప్రేమ నవలలు నేను ఫోన్‌లో దాచుకుని చదువుతాను. సగం పుస్తకం గడిచినా హీరో హీరోయిన్ చెయ్యి పట్టుకోడు. నాలాంటి సిగ్గరికి ఎంత హాయో!

కోరుట్లలో మా వాకిట్లో బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఒకసారి అలాంటి కథే చెప్పాను. "లండన్ల ఒక దొర, బట్టలు కుట్టే పిల్లను ఇష్టపడ్డడు."

తునికాకు కత్తిరించే కత్తెరలు ఆగాయి.

"దొరనా? గా పిల్లను ఉరికిపొమ్మను బిడ్డా," అంది ఊళ్లలో దొరల కాలం చూసిన పక్కింటి అత్త.

"మంచోడత్తా. చెయ్యి ముట్టడానికే భయపడతడు."

"మొదట్ల గట్లనే ఉంటరు."

నా హీరో పరువు కాపాడాలని, ముద్దులన్నీ దాటేసి గబగబా పెళ్లి చేసేశాను.

మర్నాడు అత్త బీడీల చాట ముందేసుకుంటూనే అడిగింది: "దొర మంచిగ చూసుకుంటుండా?"

"పుస్తకం అయిపోయిందత్తా."

"అయిపోతే? గా పిల్ల మంచిచెడ్డ ఎవలు అరుసుకోవాలె?"