అలుకు పెట్టిన మోటారు

మా ఆయన దర్జీ. జహీరాబాదు బజారులో మిషను ముందు కూర్చుంటే రెండు పూటలా తిండికి లోటు లేని పని. కాని ఆయనకు కూర్చోవడమే చేతకాదు. పెళ్లయిన మూడో ఏడు దారపు ఉండలు కొనడానికి హైదరాబాదు వెళ్లి, మిలిటరీ వాళ్లు హర్రాజు వేసిన పాత అంబులెన్సు కొనుక్కొని వచ్చాడు. దారం మాత్రం మరిచిపోయాడు.

"ఇగ కిరాయి ఇంటి బాధ లేదు. మనం ఏడికి పోతే ఇల్లు ఆడికి వస్తది," అన్నాడు. అంత దూరం నుంచి ఎట్లా వచ్చిందో గాని, మా గుమ్మం ముందు ఆగాక నలుగురు తోస్తే తప్ప ఆ ఇల్లు కదల్లేదు.

కిరాయి ఇల్లు ఖాళీ చేసి అందులోకి మారాం. రోగుల కోసం చేసిన బల్లలు మా పడకలయ్యాయి. ఒక మూల కుట్టు మిషను, ఇంకో మూల కిరసనాయిలు స్టవ్వు. నేను, ఆయన, మా అత్త. ఒక రోజు న్యాల్‌కల్ సంత, ఒక రోజు కోహీర్ సంత, మధ్యలో ఎక్కడ పెళ్లి బట్టలు కుట్టాలంటే అక్కడ. జనం చూడ్డానికి వచ్చేవాళ్లు. ఆడవాళ్లు లోపలికి తొంగిచూసి, "ఎంత అదృష్టమమ్మా నీది," అనేవాళ్లు. వాళ్లంతా చక్కగా నాలుగు గోడల ఇళ్లకు వెళ్లిపోయేవాళ్లు.

నాకు ఒక్కటే కోరిక ఉండేది. రైలు స్టేషను వెనక చిన్న జాగా, అందులో ఎర్రరాళ్ల గోడలతో రెండు గదులు. దానికోసం డబ్బు ఒక రేకు డబ్బాలో దాస్తుండేవాళ్లం. క్లచ్చి ప్లేటు అరిగింది, డబ్బా తెరిచాం. మా ఇంటి గడప పోయింది. రేడియేటరు కారింది; తలుపులు పోయాయి. వెనక టైర్లు మార్చిన రోజు ఒక గోడ మొత్తం కూలింది. ఇంకా కట్టని ఇల్లు అన్నిసార్లు కూలడం నేను మరెక్కడా చూడలేదు.

చిరాగ్‌పల్లి దగ్గర రోడ్డు పక్కన మోటార్లు బాగుచేసే ఒక మిస్త్రీ ఉండేవాడు. మా బండి ఆయన కార్ఖానాకు కొత్తల్లుడి లాగా వెళ్లేది; పోతే పది రోజులకు తక్కువ ఉండేది కాదు. ఆయన ఒక నట్టు విప్పితే రెండు కొత్త రోగాలు బయటపడేవి. మజూరీ ఎంత అని అడిగితే ఎన్నడూ చెప్పలేదు. "చూసి ఇయ్యి భాయ్, నువ్వు పరాయోనివా?" అనేవాడు. ఆ మాటకు మా ఆయన మొహమాటపడి, అడిగితే ఇచ్చే దానికన్నా ఎక్కువే ఇచ్చి వచ్చేవాడు. ఆ పది రోజులూ మేం బండిలోనే ఉండేవాళ్లం. జాకీ మీద లేచిన ఇంట్లో వంట చేస్తే పప్పు గిన్నెలో ఒక పక్కకే చేరేది.

ఇక మా అత్త సంగతి. పొయ్యి వెలిగే చోట పేడ అలుకు పడకపోతే ఆమెకు ముద్ద దిగేది కాదు. "అలుకు లేని ఇల్లు ఇల్లెట్లయితది బిడ్డా? మోటరైతే ఏంది, అన్నం వండుతలేమా?" అన్నది. బండి నేల చెక్కలది, కింద ఇనుప రేకు. ప్రతి శుక్రవారం నేను ఆ చెక్కలను పేడతో అలికి, ఎక్కే మెట్టు మీద ముగ్గు వేసేదాన్ని. మా ఆయన మొదట నవ్వాడు. తర్వాత సంతలో అందరినీ పిలిచి చూపించేవాడు.

ఇట్లా ఆరేళ్లు గడిచాయి. ఒకసారి గేరు సామాను కోసం ఆయన హైదరాబాదు వెళ్లినప్పుడు, మిస్త్రీ బండి కింది నుంచి బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ నాతో అన్నాడు.

"భాబీ, పైన నీళ్లు పోస్తున్నరా? చెక్కల సందులకెల్లి దిగి రేకంత తుప్పు వట్టింది. అలుకుడు బంద్ చేయిన్రి. లేకుంటే ఒకనాడు నేల ఊడిపోతది."

"ఆయనకు నేను చెప్తాలే," అన్నాను.

మా ఆయన సామానుతో వచ్చాడు. ఆసారి దూలాలు పోయాయి. మిస్త్రీ మాట నా నోటి దాకా వచ్చింది. చెబితే కొత్త రేకు వేయిస్తాడు, మిగిలిన కాస్త ఇల్లూ పోతుంది. మింగేశాను. ఆ శుక్రవారం అలుకులో ఒక చెంబు నీళ్లు ఎక్కువ పోశాను. పై శుక్రవారం బిందెడు పోశాను. అత్త నా భక్తికి తెగ మురిసిపోయింది.

వానలు వెనకబట్టిన రోజుల్లో కోహీర్ సంతకు పోతున్నాం. వక్కల సంచి అందుకోవడానికి అత్త లేచింది. ఫెళ్లుమని చప్పుడు. చూస్తే ఆమె మోకాళ్ల దాకా నేలలోకి దిగిపోయి ఉంది. నేను చంకల కింద చేతులు వేసి పట్టుకుని అరిచాను. బండి ఎప్పటిలాగే ఎద్దుల బండి కన్నా నెమ్మదిగా పోతుండబట్టి సరిపోయింది. పైకి లాగేసరికి ఆమె పిక్క చీరుకుపోయి నెత్తురు కారుతోంది. ఆ కంతలోంచి రోడ్డు కనబడింది, పక్కనే వెనక చక్రం. నేను కోరింది బండి చావును, మా అత్త చావును కాదు.

కబురు పంపితే మిస్త్రీ వచ్చాడు. కంతలో చెయ్యి పెట్టి, పొడిపొడిగా రాలుతున్న రేకునూ దానికి అంటిన పేడనూ చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను.

"పాత మిలిటరీ రేకు భాయ్. ఎన్నేండ్లు ఆగుతది," అన్నాడు మా ఆయనతో. బండిని తుక్కు కింద తనే తీసుకుంటానన్నాడు. ఈసారి ధర చెప్పడానికి ఏమీ మొహమాటపడలేదు. చాలా తక్కువ చెప్పాడు. నోరు మూసుకున్నందుకు నా దగ్గర పుచ్చుకున్న మజూరీ అది అని మిస్త్రీకీ తెలుసు, నాకూ తెలుసు.

మా ఆయన బేరం ఆడలేదు. జాకెట్టు గుడ్డ చింపి తల్లి పిక్కకు కట్టు కట్టాడు. కట్టు కట్టడం అయ్యాక నా దిక్కు తిరిగాడు.

"తప్పు నాది. నా పిచ్చికి మీ ఇద్దరి పానం మీదికి తెచ్చిన. ఇన్నేండ్లు నిన్ను తుప్పు రేకు మీద తిప్పిన. రేపే పోయి ఆ జాగాకు బయానా పైసలు ఇద్దాం. నన్ను మాఫ్ చేయి."

నాకు ఏడుపు ఆగలేదు. భయపడి ఏడుస్తున్నాననుకుని ఆయన నా తల మీద చెయ్యి వేశాడు. అట్లాగే అనుకోనిచ్చాను.