కోరుట్ల అవ్వ చేసిన ఫోన్

ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు రోజూ ఫోన్ చేసి పలకరించే పని, జగిత్యాలలో నలుగురం కలిసి మొదలుపెట్టాం. నా వంతుకు వచ్చిన వాళ్లలో కోరుట్ల అవ్వ ఒకరు. బీడీలు చేసి బతికిన మనిషి. ఎప్పుడు పలకరించినా ఒకటే మాట: "నాదేమున్నది బిడ్డా, నువ్వు చెప్పు."

తనంతట తాను ఆమె ఒక్కసారే ఫోన్ చేసింది. తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు బంద్. నేను రాస్తారోకోలో ఉన్నాను.

"అవ్వా, గీ లొల్లిల ఏం ఇనవడ్తలేదు. మల్ల చేస్త" అన్నాను.

మర్నాడు ఎందుకు చేశావని అడిగితే, "ఊకెనే" అంది.

బస్సులు తిరిగాక అవ్వను చూడటానికి వెళ్లాను. ఫోన్ చేసిన రోజే మల్లాపూర్‌లో ఆమె చెల్లెలు చనిపోయిందట. పోవడానికి బండి దొరకలేదట. "మేమంతా ధర్నాకు పోయినం, ఇంటికాడ ఎవ్వలం లేము" అని పక్కింటామె తల దించుకుంది.

"నాకెందుకు చెప్పలేదవ్వా?"

"చెప్దామనే చేసిన. నువ్వు ఫోన్ బంద్ చెయ్యకనే సంచిల ఏసుకున్నవ్. గంత మంది గొంతులు ఇనుకుంట ఏడ్చిన బిడ్డా. ఒక్కదాన్నే ఉన్ననని అనిపియ్యలే."

నా సంచిలో ఒక ముసలామె ఏడుస్తోందని తెలియక, ఆ మధ్యాహ్నమంతా గొంతు చించుకుని నినాదాలిచ్చాను.