రోగులు లేరన్న ఊరు

వజ్రపుకొత్తూరు దగ్గరి ఒక పల్లెలో మహిళా సంఘం నడిపే ప్రమోదినికి ఒక్కటే కోరిక. డయాలసిస్‌కి పలాస వెళ్లేవాళ్ల కోసం సంఘానికి సొంత ఆటో ఉండాలి. ఒక దాతల సంస్థ గ్రాంటు ఇస్తానంది. ఊళ్లో కిడ్నీ రోగులు ఎంతమందో దరఖాస్తులో రాయాలి. గడువు రేపే.

అప్పటికి మూడు రోజులుగా గడప గడపా తిరిగింది. ఎవరిని అడిగినా "మా ఇంట్లో ఎవులూ నేరు" అన్నారు.

"గున్నయ్య మావ వారానికి రెండుమార్లు పలాస ఎల్తన్నాడు గదా, అత్తా!" అంది గున్నయ్య భార్య చిన్నతల్లితో.

"ఓలమ్మా, కాయితమెక్కితే నా పిల్లని ఎవుడు సేసుకుంతాడే? నీకు ఆటో కావాల, నాకు అల్లుడు కావాల!"

ప్రమోదినికి కోపం రాలేదు. తనూ చేపల వేటకెళ్లే ఇంటి పిల్లే. ఒడ్డున చేపల వాటాలు పంచేటప్పుడు పేర్లు పిలవరు, మనిషికో గవ్వో పుల్లో వేస్తారు. ఆ సాయంత్రం సంఘం గదిలో బుట్ట పెట్టింది. ఇంట్లో ఒక్కో జబ్బు మనిషికి ఒక గవ్వ వేయాలి, పేరు చెప్పక్కర్లేదు, ఒక్కొక్కరే లోపలికెళ్లాలి అని చాటింపు వేయించి, తను బయట అరుగు మీద కూర్చుంది.

అందరికంటే చివర చిన్నతల్లి వచ్చింది. లోపల గవ్వ పడిన చప్పుడైంది. కాసేపాగి, ఇంకొకటి.

బయటికొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "రెండోది నాదేనే. మీ మావకి సెప్పకు" అంది.

ప్రమోదిని ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత గవ్వలు లెక్కపెడితే ముప్పైఒకటి తేలాయి. దరఖాస్తులో ఆటో అన్న మాట కొట్టేసి, వ్యాను అని రాసింది.